బండికి కొత్త క్లీనర్

మొన్న దసరాకి ఊరెళ్తే మా అమ్మ కారుకి ఆయుధ పూజ చేసి ముందు బంపర్‌కి సరిగ్గా మధ్యలో నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ కట్టింది, అది చాలదన్నట్టు దాని మీద లావుపాటి బంతిపూల దండ ఒకటి. మర్నాడు హైదరాబాద్ బయల్దేరి ఊరి పొలిమేర దాటానో లేదో స్క్రీన్ మీద పసుపు రంగులో మెసేజులు మొదలు, ముందున్నవాటిని పసిగట్టే రాడార్ బ్లాక్ అయింది, క్రూజ్ (ముందు బండిని బట్టి స్పీడు తనే చూసుకునేది) పనిచెయ్యదు, ఎమర్జెన్సీ బ్రేకు పనిచెయ్యదు అని వరసగా మూడు. కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు అప్పుడే పోయిందా అని గుండె జారి, బండి పక్కకి ఆపి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ కలుపుతూ దిగి ముందుకెళ్ళి చూస్తే, ఇంకేముంది, రాడార్ ఆ నిమ్మకాయల వెనకాలే ఉంది. తడి పూలు, రసం ఉన్న కాయలు రాడార్‌కి అడ్డం పెడితే గోడ కట్టినట్టే. దండలు రెండూ జరిపి నంబర్ ప్లేటు పక్క మూలకి కట్టా, కాసేపట్లో మెసేజులన్నీ పోయాయి. దిష్టి తగలకూడదని కట్టిన దండ బండి కళ్ళే మూసేసిందన్నమాట. అమ్మకి ఫోన్ చేసి చెప్తే "అంత సున్నితమైన బండి ఎందుకు కొన్నావురా" అంది.

ఎందుకు కొన్నానో చెప్తా. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను, ఎందుకంటే కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. కరెంటుతో నడిచే బండి, అంటే ఈవీ, 2025 ఫిబ్రవరిలో తీసుకున్నా. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు, 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. అదే రేటులో పెట్రోల్ బండి తీసుకుంటే లైఫ్ ట్యాక్సే మూడు లక్షలు దాటేది. దాంతో మా ఆవిడ దగ్గర నా వాదన గెలిచింది. నాకు లోపల ఉన్న అసలు కారణం మాత్రం అడాస్, అంటే స్పీడు, బ్రేకు, స్టీరింగ్ కొంతవరకు బండే చూసుకుని డ్రైవర్‌కి సాయం చెయ్యడం. షోరూం వాడు అవుటర్ రింగ్ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ మీద చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెట్టి బండి తనంతట తాను వంపు తిరగడం చూపించాడు, నేను అక్కడే పడిపోయా.

ముందు కరెంటు సంగతి. మాది నిజాంపేటలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ మీటింగ్ పెట్టారు, రెండు గంటలు. ఒకాయన బ్యాటరీ పేలితే బిల్డింగ్ సంగతేంటి అన్నాడు, ఆయన స్కూటర్ ట్యాంకులో ఐదు లీటర్ల పెట్రోల్ అదే పార్కింగ్‌లో రోజూ పడుకుంటుంది, అది గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నా. ఇంకొకాయన కామన్ కరెంటు వాడేస్తాడేమో అని. చివరికి నా సొంత మీటర్ నుంచే లైన్ లాక్కుంటా అని కాగితం రాసిచ్చా. మీటర్ రూం నుంచి నా పార్కింగ్ దాకా నలభై మీటర్ల పైచిలుకు, 6 స్క్వేర్ ఎంఎం కాపర్ కేబుల్, విడిగా ఎంసీబీ, ఎర్తింగ్, అన్నీ కలిపి ముప్పై వేలు దాటింది. మీటర్ లోడు పెంచడానికి అప్లికేషన్ వేరే. ఇప్పుడు 7.2 కిలోవాట్ ఛార్జర్ ఉంది, రాత్రి పదికి పెడితే తెల్లారేసరికి ఎంత కావాలంటే అంత.

లెక్క కూడా చెప్పేస్తా, అందరూ అడిగేది అదే కదా. నెలకి 1200 కిలోమీటర్లు తిరుగుతా, సిటీలో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ఇస్తుంది, ఛార్జింగ్‌లో కొంత వేడికి పోతుంది కాబట్టి మీటర్లో 190 యూనిట్ల దాకా తిరుగుతాయి. స్లాబు మారిపోయి ఆ పై యూనిట్లన్నీ తొమ్మిది రూపాయల చొప్పున పడుతున్నాయి కాబట్టి నెలకి 1700. పాత పెట్రోల్ కారుకి అదే తిరుగుడుకి పదివేలు దాటేది. బాగుందా అంటే బాగుంది, కానీ ఇంట్లో ఛార్జర్ లేకుండా బయట ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతికేవాళ్ళకి ఈ లెక్క వర్తించదు, అక్కడ యూనిట్ ఇరవై చిల్లర, దాని మీద మళ్ళీ జీఎస్టీ, పైగా ఫోన్లో ఏడు యాపులు, ఏడు వాలెట్లు, ఒక్కో దాంట్లో 62 రూపాయలో 140 రూపాయలో ఇరుక్కుని ఉంటాయి.

ఇక అడాస్. సిటీలో అది దండగ అని మొదటి వారంలోనే తెలిసింది. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ రూట్లో క్రూజ్ పెట్టా ఒకరోజు ఉత్సాహంగా. ముందు బండికీ మనకీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలో సెట్ చేసుకోవచ్చు, అన్నిటికంటే తక్కువది పెట్టా, ఆ తక్కువ గ్యాప్‌లో కూడా మన హైదరాబాద్‌లో ఒక ఆటో, రెండు బైకులు, ఒక్కోసారి ఏకంగా సిటీ బస్సు మూతి పట్టేస్తుంది. ఎవడు దూరినా మా బండి మర్యాదగా బ్రేకేసి మళ్ళీ గ్యాప్ ఇస్తుంది, ఆ గ్యాప్‌లో ఇంకొకడు దూరతాడు, వెనకాల వాళ్ళు హారన్లు. అలా అందరికీ దారిచ్చుకుంటూ పోతే ఆఫీసుకి సాయంత్రానికి చేరతాం. వంపుల్లో మెట్రో పిల్లర్‌ని చూసి కూడా అది గుద్దేస్తున్నాం అన్నట్టు టింగ్ టింగ్‌మంటుంది. లారీల వెనక గుండ్రంగా 80 అని స్పీడ్ స్టిక్కర్ ఉంటుంది చూడండి, దాన్ని రోడ్డు పక్క బోర్డు అనుకుని చదువుతుంది, ఒకసారి గల్లీలో ఆగి ఉన్న లారీ వెనక నిలబడితే ఇక్కడ స్పీడ్ లిమిట్ 80 అని చూపించింది, అది పద్దెనిమిది అడుగుల రోడ్డు.

లేన్ కీప్, అంటే బండిని గీతల మధ్యే ఉంచేది, దాని సంగతి ఇంకా తమాషా. అవతల గుంట ఉందని కొద్దిగా పక్కకి కోస్తే, ఇండికేటర్ వెయ్యలేదు కాబట్టి నిద్రపోతున్నావేమో అనుకుని స్టీరింగ్‌ని మళ్ళీ గుంట వైపే లాగుతుంది. పెద్ద బలమేం కాదు, మనం పట్టుకుంటే ఆగుతుంది, కానీ మొదటిసారి చేతుల్లో ఎవరో పట్టుకుని లాగినట్టుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పాత గీతలు చెరపకుండా కొత్త గీతలు వేసిన చోట్ల అయితే ఏ గీత పట్టుకుంటుందో దానికే తెలియదు. దీని పుణ్యమా అని నాకు గుంట తప్పించడానికి కూడా ఇండికేటర్ వేసే అలవాటు వచ్చింది, మా ఆవిడ "గుంటకి సైడ్ ఇస్తున్నావా" అని నవ్వుతుంది.

అలాగని తీసి పారేసేది కాదు. జూన్‌లో ఒకరోజు పొద్దున కూకట్‌పల్లిలో ఎడమ అద్దంలో బైకుని చూస్తున్నా, ఒక్క క్షణం, అంతే. ముందు పోతున్న ఆటో రోడ్డు మధ్యలో ఎవరో చెయ్యెత్తారని అక్కడే ఆపేశాడు. నేను తల తిప్పేలోపే బండి ఎర్రగా అరిచి తనే బ్రేకు తొక్కేసింది, నా కాలు ఆ తర్వాత పడింది. పక్క సీట్లో ఉన్న టిఫిన్ బాక్సు ఎగిరి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుని మూత ఊడింది, మ్యాట్ నిండా పులిహోర. ఆటో బంపర్‌కీ నాకూ మధ్య జానెడు ఉందేమో. ఆటోవాడు వెనక్కి తిరిగి చూడను కూడా లేదు, డబ్బులు తీసుకుంటున్నాడు. ఆ పసుపు మరకలు ఇప్పటికీ మ్యాట్ మీద ఉన్నాయి, నేనే కడిగించట్లేదు.

అవుటర్ మీద మాత్రం ఇది రాజా. టూవీలర్లు ఉండవు, అడ్డం వచ్చేవాళ్ళు ఉండరు, గీతలు తెల్లగా ఉంటాయి, కుడి వైపు రెండు లేన్లు 120 దాకా, ఎడమ రెండు 80. నేను 95 పెట్టుకుని రెండో లేన్‌లో పడుకున్నట్టు పోతా, అంటే నిద్ర కాదు, భుజాలు బిగుసుకోకుండా. అంత కంటే ఎక్కువ పెడితే కరెంటు కళ్ళముందే కరిగిపోతుంది, 100 లోపు యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వచ్చేది 115 తొక్కితే ఐదుకి పడిపోతుంది. గాలిని చీల్చుకుని పోవాలి కదా.

ఇక మా నాన్న సంగతి. అసలు ఈ పోస్టు ఆయన కోసమే మొదలుపెట్టా.

నాన్న పదిహేడో ఏట లారీ మీద క్లీనర్‌గా చేరాడు, తర్వాత ఆర్టీసీలో డ్రైవర్, విజయవాడ హైదరాబాద్ రూట్లోనే చాలా ఏళ్ళు. అప్పుడది 9వ నంబర్ హైవే, డబుల్ రోడ్డు, డివైడర్ లేదు. ఇప్పుడు 65 అంటున్నాం, నాలుగు లేన్లు. ఆయనకి పవర్ స్టీరింగే ఒక సుఖం. నవంబర్‌లో కంటి చెకప్‌కని హైదరాబాద్ వచ్చి, తిరిగి ఊళ్ళో దింపడానికి శుక్రవారం సాయంత్రం ఆఫీసవ్వగానే ఇద్దరం బయల్దేరాం. మా ఊరు నందిగామ దగ్గర, అవుటర్ చుట్టి వెళ్తే ఇంటి నుంచి 270 కిలోమీటర్లు.

పెద్ద అంబర్‌పేట దిగి హైవే ఎక్కాక క్రూజ్ పెట్టి కాలు తీసేశా. ఆయన నా కాలు వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు, మళ్ళీ కాలు వంక. "ఎవరు తోల్తున్నార్రా?" అన్నాడు. బండే నాన్నా అన్నా. లారీ అడ్డమొస్తే స్లో అవడం, అది పక్కకి పోగానే మళ్ళీ ఎత్తుకోవడం, అద్దంలో పక్క నుంచి బైకు వస్తుంటే చిన్న లైటు వెలగడం, అన్నీ చూపించా. చౌటుప్పల్ దాటేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "క్లీనర్ రా ఇది. మేము కూడా ఇదే చేసేవాళ్ళం, ఎడమ పక్క తలుపు మీద చేత్తో కొట్టి ఎవరొస్తున్నారో చెప్పడం. మంచి క్లీనరే, నిద్రపోడు, బీడీ అడగడు." నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "క్లీనర్ చేతికి బండి ఇచ్చి ఓనరు పడుకోడు మరి" అన్నాడు.

నార్కట్‌పల్లి దాటాక బండి స్క్రీన్ మీద కాఫీ కప్పు బొమ్మ వేసి విశ్రాంతి తీసుకో అని అడిగింది, రెండు గంటలు దాటితే అలా అడుగుతుంది. ఆయనకి ఇది తెగ నచ్చింది. "చూశావా, టీ కోసం ఆపమంటోంది, ఆపు." కొర్లపహాడ్ టోల్ దాటి సూర్యాపేటలో ఎలాగూ ఛార్జింగ్‌కి ఆపాలి. అక్కడ 60 కిలోవాట్ ఛార్జర్, రెండు గన్నులు, అప్పటికే ఒకదానికి వేరే కారు తగిలించి ఉంది. రెండు బండ్లు ఉంటే కరెంటు సగం సగం పంచుకుంటుంది, ఈ ముక్క యాప్‌లో ఎక్కడా రాయరు, అరగంట అనుకున్నది గంట పైన అయింది. 34 శాతంతో దిగాం, 80కి ఎక్కాం. నిజానికి ఇంత అవసరం లేదు, ఇంటి దగ్గర ఫుల్ పెట్టుకుని 95 స్పీడులో పోతే చివర్లో పదిహేను శాతంతో ఊరు చేరొచ్చు, కానీ ఊళ్ళో కరెంటు నమ్మకం లేదు.

ఊళ్ళో కరెంటు అంటే గుర్తొచ్చింది. మొదటిసారి అక్కడ 15 ఆంప్స్ సాకెట్‌కి ఛార్జర్ తగిలిస్తే ఎర్ర లైటు, ఎర్త్ లేదని. మా ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు, ఫ్రిజ్జు, మిక్సీ, మోటారు అన్నీ ఆ ఎర్త్ లేని ప్లగ్గుల మీదే నడిచాయి, ఎవరూ అడగలేదు, ఈ బండి ఒక్కటే అడిగింది. నాన్న ఊళ్ళో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో కొబ్బరి చెట్టు పక్కన నిలువెత్తు గొయ్యి తీయించి పైపు దించి బొగ్గు, రాళ్ళ ఉప్పు పొరలు పొరలుగా వేయించాడు. అమ్మ రోజూ దాంట్లో ఒక చెంబు నీళ్ళు పోస్తుంది, తులసి కోటకి పోసిన చేత్తోనే. ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే వచ్చే జుమ్ కూడా దాంతో పోయింది.

సరే, సూర్యాపేట నుంచి బయల్దేరేసరికి పది దాటింది. మునగాల దగ్గర అనుకుంటా, చీకటి, ఎదురు రోడ్డు లైట్లు కళ్ళలో కొడుతున్నాయి, క్రూజ్ 90లో ఉంది, ముందు ఒక కారు పోతోంది, దాన్ని పట్టుకుని మా బండి పోతోంది. నాన్న ఉన్నట్టుండి ముందుకి వంగి "కొమ్మ, కొమ్మ" అన్నాడు. ఏం కొమ్మ నాన్నా అనేలోపు ముందున్న కారు చటుక్కున కుడికి కోసింది. హెడ్ లైట్ల వెలుగులో రోడ్డు మీద వేపకొమ్మ, ఆకులతో సహా, దాని వెనక వరసగా మూడు రాళ్ళు, ఆ వెనక మా లేన్‌లో సగం ఆక్రమించి లైట్లు లేని లారీ. నేను బ్రేకు మీద నిలబడి కుడికి తిప్పా. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బండి ఏం చేసిందో చెప్పాలి కదా, నిజాయితీగా. ముందున్న కారు పక్కకి పోగానే దారి ఖాళీ అయిందనుకుని స్పీడు పెంచబోయింది. నా కాలు పడ్డాక అప్పుడు అరిచింది. తర్వాత ఓనర్స్ మాన్యువల్ తీసి చదివితే అందులోనే ఉంది, కదలకుండా నిలబడ్డ బండ్లని క్రూజ్ గుర్తించకపోవచ్చు అని, చిన్న అక్షరాల్లో. రాడార్‌కి బ్రిడ్జీలు, బోర్డులు, రెయిలింగులు అన్నీ నిలబడ్డ ఇనుమే, ప్రతిదానికీ బ్రేకేస్తే ప్రయాణం సాగదు, అందుకని వేగంగా పోయేటప్పుడు నిలబడ్డవాటిని చాలావరకు పట్టించుకోకుండా చేస్తారట. ఇక వేపకొమ్మ దాని లెక్కలోనే లేదు. మనకి కొమ్మంటే ముందు బండి ఆగి ఉందని, చిన్నప్పటి నుంచి తెలుసు, ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పరు. డివైడర్ గ్యాప్‌లో ఒకాయన సైకిల్ పట్టుకుని అటు చూస్తూ నిలబడ్డాడంటే దాటబోతున్నాడని తెలుసు. గేదె ఒకటి దాటితే వెనక ఇంకో నాలుగు ఉంటాయని తెలుసు. ఇది దానికి ఎవరు నేర్పాలి?

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నాన్న తిట్టలేదు, అదే ఇంకా ఇబ్బంది. చేతుల్లో వణుకు తగ్గేదాకా 60లో పోయా. ఆ రోజు నుంచి రాత్రి పూట హైవే మీద క్రూజ్ పెట్టట్లేదు. మిగతావి, అరిచేవీ బ్రేకేసేవీ, ఆన్‌లోనే ఉంటాయి. షోరూం వాళ్ళకి ఒక్క మాట, వంపు తిరగడం చూపించేముందు ఈ నిలబడ్డ లారీ సంగతి కూడా చెప్పండి బాబూ.

తిట్లు అన్నాను కదా, ఇంకొకటి ఉంది, తొందరగా చెప్పేస్తా. ఆగస్టులో ఒక పొద్దున బండి చచ్చిపోయింది. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉంది, కానీ లోపల మామూలు కార్లలో ఉన్నట్టే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది దిగిపోతే తలుపు కూడా తెరుచుకోదు. కీ లోపల దాచిన ఇనప తాళంతో తలుపు తీసి, పక్కింటాయన పెట్రోల్ కారుతో వైర్లు కలిపి లేపాం, మీటింగ్‌లో బ్యాటరీ పేలుతుందన్న ఆయనే, పాపం మనిషి మంచివాడు. సర్వీస్ వాళ్ళు నాలుగు రోజులు పెట్టుకుని ఏదో సాఫ్ట్‌వేర్ వేశాం అన్నారు. ఏం వేశారో చెప్పలేదు. మళ్ళీ రాలేదు ఇప్పటిదాకా.

ఆ రాత్రి సంగతి కొంచెం మిగిలింది. కోదాడ ఇంకా రాలేదు, నాన్న మళ్ళీ "ఆపు" అన్నాడు. ఈసారి లారీ లేదు, ఎప్పుడో బాగుచేసుకుని వెళ్ళిపోయినట్టున్నారు, వాళ్ళు పెట్టిన రాళ్ళు మాత్రం అలాగే ఎడమ లేన్‌లో ఉన్నాయి, తలకాయంత రాళ్ళు రెండు. నేను మట్టి మీదకి దించి నాలుగు ఇండికేటర్లూ వేసి ఆపా. నేను దిగుతా నాన్నా అంటుంటే వినకుండా ఆయనే దిగాడు, ఫోన్ లైటు నా చేతిలో పెట్టి వెనక నుంచి వచ్చే బండ్లకి ఊపమన్నాడు. రెండు లారీలు పోనిచ్చి, రోడ్డు ఖాళీ అయ్యాక పంచె ఎగ్గట్టి ఒక్కో రాయినీ కాలితో దొర్లించుకుంటూ పక్క కాలవలో పడేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, కంటి డాక్టర్ దగ్గర నుంచి వస్తున్న మనిషి. చేతులు దులుపుకుంటూ వచ్చి కూర్చుని, "క్లీనర్ పని ఇది కూడా" అన్నాడు.

నేను బండి కదిపా. బెల్టు పెట్టుకోలేదని టింగు టింగుమని మొదలుపెట్టింది. ఆయన చీకట్లో బెల్టు కోసం తడుముకుంటూ స్క్రీన్ వంక చూసి, "పెట్టుకుంటున్నా లేవే" అన్నాడు.